ఇంట్లో తెలుగు, బయట కన్నడ, డేకేర్‌లో ఇంగ్లీషు: మాటల ఆలస్యం దీనివల్లేనా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు): పాపకి 23 నెలలు. తెలుగు మాటలు పాతిక దాకా వచ్చు. మూడు భాషలతో తికమక పడుతోంది, ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమని డేకేర్‌లో అంటున్నారు. మానేయాలా?

జవాబు 1: వద్దండీ, తెలుగు మానకండి. ఎక్కువ భాషలు వినడం వల్ల మాటల లోపం రాదు. అన్ని భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి: పాలు, హాలు (కన్నడలో పాలు), మిల్క్ అంటే మూడు. బువ్వ, లాల, కుక్కని ‘బౌబౌ’ అనడం, ఎప్పుడూ ఒకే అర్థంలో వాడితే అవీ లెక్కే. రెండేళ్లకి మొత్తం 50 దాకా ఉండాలి, ‘పాలు కావాలి’ అని రెండేసి కలపాలి. ‘టాటా బైబై’ కలపడం కాదు, అది ఒకే ముక్కగా పట్టేసినది.

జవాబు 2: ముందు చెవులు చూపించండి. జలుబుల తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరితే తలుపు చప్పుడుకి తిరుగుతారు గానీ మెల్లగా పలికే మాటలు సరిగా వినపడవు. అందుకే ఇంట్లో తెలియదు. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో మాట, వినికిడి పరీక్షించే స్పీచ్ పాథాలజీ, ఆడియాలజీ విభాగం ఉంది. వచ్చిన మాటలు పోయినా, వేలితో చూపించకపోయినా రెండేళ్లు నిండేదాకా ఆగొద్దు.

జవాబు 3: ‘ఇదేంటి? చెప్పు’ అని పరీక్ష పెట్టకండి. ‘బంతి’ అంటే ‘ఎర్ర బంతి! కింద పడింది’ అని పెంచి చెప్పి, ఐదు సెకన్లు ఆగండి. ఆ ఆగడమే చాలామంది మర్చిపోతారు. ‘ర’ని ‘ల’ అనడం ఈ వయసులో మామూలే, దిద్దక్కర్లేదు.