హీటర్ ప్లగ్గు దగ్గర లీకు: బోల్టుతో మూసేయాలా, సీటు బాగుచేయాలా?

పలాస జీడి రవాణా:
పెద్దలందరికీ నమస్కారం. మాది మెర్సిడెస్ ఓఎం 616 తరహా 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉన్న పాత చిన్న ట్రక్కు. పలాస నుంచి జీడిపప్పు డబ్బాలు శ్రీకాకుళం, విజయనగరం దుకాణాలకు చేరవేస్తుంది. కొంతకాలంగా మూడో సిలిండర్ హీటర్ ప్లగ్గు (చల్లని ఇంజిన్ స్టార్టవడానికి లోపల వేడి పుట్టించే ప్లగ్గు) చుట్టూ నల్లటి తడి మసి పేరుకుంటోంది. ఉదయం బండి స్టార్టయిన కాసేపు టుస్సు టుస్సుమని చప్పుడు వస్తోంది. ఆ ప్లగ్గు తీసేసి రంధ్రంలో బోల్టు బిగిస్తే సరిపోతుందనీ, మన ఎండలకు మిగతా మూడు ప్లగ్గులు చాలుననీ ఒక మెకానిక్ చెబుతున్నారు. హెడ్డు (సిలిండర్ల పై మూత) దించక తప్పదని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

టెక్కలి షెడ్డు:
బోల్టు బిగించడమే నయమని నా అభిప్రాయం. మన తీరంలో ఉప్పు గాలికి ప్లగ్గు మరలు (థ్రెడ్లు) హెడ్డులో తుప్పుతో పట్టేసి ఉంటాయి, లోపలి కొన చుట్టూ కార్బన్ గట్టిపడి ఉంటుంది. తీసేటప్పుడు ప్లగ్గు మధ్యలో విరిగిందంటే, కొత్త ప్లగ్గు ఖరీదుతో పోయేది హెడ్డు దించే ఖర్చుదాకా పోతుంది. ఎలాగో ఒకసారి క్షేమంగా బయటికి తీశాక మళ్లీ అక్కడ కొత్తది పెట్టి, కొన్నేళ్లకు అదే ప్రమాదాన్ని మళ్లీ కొనితెచ్చుకోవడం దేనికి? శ్రీకాకుళంలో బండి గడ్డకట్టే చలి ఏ నెలలోనూ ఉండదు.

ఆమదాలవలస డీజిల్ పంపు:
మాస్టారూ, ప్లగ్గు విరుగుతుందన్న మీ భయం న్యాయమైనదే. అయితే బోల్టు పెట్టాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. గాలి ఏ దారిన బయటికి వస్తోందన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరక్కముందే మందు రాయడం నాకు సమ్మతం కాదు.

ఆ మసి నాలుగు చోట్ల నుంచి రావచ్చు. మొదటిది, ప్లగ్గు కింది ఏటవాలు సీటు (ఆనుకొని మూతపడే అంచు) హెడ్డులోని సీటుకు సరిగ్గా కూర్చోకపోవడం. సీటు మీద కార్బన్ పొర ఉన్నా, బిగింపు చాలకపోయినా, ఎప్పుడో ఎవరో వంకరగా ఎక్కించి మరలు పాడుచేసినా మంట గాలి మరల గుండా పైకి తన్నుతుంది. రెండోది, ప్లగ్గు సొంత శరీరంలోనే లీకు. మధ్యలోని కరెంటు కడ్డీకి, బయటి ఉక్కు గుల్లకు నడుమ ఉండే సీలు చెడితే గాలి టెర్మినల్ (కరెంటు తీగ తగిలించే కొన) దగ్గర నుంచి వస్తుంది. మూడోది నాజిల్ (డీజిల్ చిమ్మే భాగం) సీటు లీకు. నాజిల్, ప్లగ్గు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి నాజిల్ కింద నుంచి వచ్చే మసి ప్లగ్గు మీద చేరి దానికే అపవాదు తెస్తుంది. నాలుగోది అసలు మంట గాలే కాదు, నాజిళ్ల మీది రిటర్న్ పైపు (మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపేది) పగిలి కారిన డీజిల్. అది దుమ్ముతో కలిసి నల్లబడితే చూడటానికి అచ్చం లీకులాగే ఉంటుంది.

ఈ నాలుగింటిని విడదీయడానికి హెడ్డు దించనక్కర్లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆ చోటును బ్రష్షుతో శుభ్రంగా తుడిచి ఆరబెట్టండి. నాజిల్ అడుగునా, ప్లగ్గు షడ్భుజి (స్పానర్ పట్టే ఆరు పలకల భాగం) చుట్టూ, టెర్మినల్ మీదా చిక్కటి సబ్బు నీళ్లు చల్లండి. టెర్మినల్ మీద చల్లే ముందు దాని తీగ విప్పి పక్కన పెట్టాలి. డీజిల్ ఆపే లీవరును లాగి పట్టుకొని, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు టార్చి వేసి చూడాలి. షడ్భుజి అడుగున బుడగలు వస్తే సీటో మరలో చెడినట్టు. టెర్మినల్ చుట్టూ వస్తే ప్లగ్గే చెడినట్టు. నాజిల్ అడుగున వస్తే దాని సీలింగు రింగు పని పట్టాలి. ఎక్కడా బుడగలు లేకపోతే రిటర్న్ పైపును అనుమానించండి. వేడి ఇంజిన్ మీద మాత్రం ఈ పరీక్ష చేయవద్దు.

చప్పుడు ఏ సిలిండర్‌దో తేలకపోతే మరో పద్ధతి ఉంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కో నాజిల్‌కు వెళ్లే డీజిల్ పైపు నట్టును గుడ్డ కప్పి కొద్దిగా వదులు చేస్తే ఆ సిలిండర్‌లో మంట ఆగుతుంది. ఏ నట్టు వదిలినప్పుడు టుస్సుమనే చప్పుడు బాగా తగ్గుతుందో లీకు అక్కడే. అయితే నాజిల్ పైపులో ఒత్తిడి చర్మంలోకి డీజిల్‌ను చొప్పించేంత ఉంటుంది, కాబట్టి ఆ నట్టు దగ్గర వేలు గానీ మొహం గానీ పెట్టకూడదు.

ఇప్పుడు బోల్టు సంగతి. సీటు చెడి లీకైతే, అదే చెడిన సీటు మీద మీరు పెట్టే బోల్టూ లీకవుతుంది. ప్లగ్గు శరీరమే చెడితే కొత్త ప్లగ్గు చాలు, బోల్టుతో పనే లేదు. అంటే ఈ రెంటిలో ఏ కారణమైనా బోల్టు అసలు జబ్బును నయం చేయదు.

సాలూరు ఘాట్:
చలి లేదన్న మాట మీద ఒక విషయం చెప్పాలి. శ్రీకాకుళం తీరంలో నడిచే బండి వేరు, విజయనగరం నుంచి సాలూరు మీదుగా కొరాపుట్ ఎక్కే బండి వేరు. డిసెంబరులో కొండ మీద తెల్లవారుజామున ఒక సిలిండర్ మండకుండా స్టార్ట్ చేస్తే బండి తెల్లటి పొగ కక్కుతూ అదురుతుంది, బ్యాటరీ సగం అక్కడే ఖాళీ అవుతుంది. కిరాయి ఎటు దొరికితే అటు వెళ్లే బండికి తీరప్రాంతపు లెక్క పనికిరాదు.

టెక్కలి షెడ్డు:
పెద్ద లారీల్లో చాలావాటికి హీటర్ ప్లగ్గులే లేవు కదా, అవీ అదే ఘాట్ ఎక్కుతున్నాయి. నాలుగింట ఒకటి లేనంత మాత్రాన ఇంజిన్‌కు ఏ నష్టమూ ఉండదన్నది నేను రోజూ చూస్తున్న విషయం. పైగా విరిగిన కొన లోపలికి జారితే జరిగే నష్టం గురించి ఆమదాలవలస వారు ఒక్క మాటా రాయలేదు.

ఆమదాలవలస డీజిల్ పంపు:
రాస్తాను. ముందు లారీల సంగతి. ఆ పెద్ద ఇంజిన్లలో డీజిల్ నేరుగా పిస్టన్ మీది గుంటలో పడుతుంది. మనం మాట్లాడుతున్న ఇంజిన్‌లో హెడ్డులోని చిన్న ముందుగదిలో పడుతుంది. గాలి ఇరుకు దారి గుండా ఆ గదిలోకి దూరేటప్పుడు చల్లటి గోడలకు వేడిని వదిలేస్తుంది. కంప్రెషన్ 21కి 1 ఉన్నా, అంటే గాలిని 21వ వంతుకు నొక్కినా, చల్లని ఇంజిన్‌లో ఆ వేడి చాలదు కాబట్టే అక్కడ ప్లగ్గు పెట్టారు. అది మంచు దేశాల కోసమే పెట్టినది కాదు. ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల ఉదయం కూడా ఆ గదికి దాని అవసరం ఉంటుంది. ప్లగ్గు లేని సిలిండర్‌లో మొదట మండని డీజిల్ బోరు (సిలిండర్ లోపలి) గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ఆ అరుగుదల వెంటనే కంటికి కనిపించదు, అందుకే నష్టం లేదనిపిస్తుంది.

ఇక విరగడం గురించి. ముందు రోజు సాయంత్రం ప్లగ్గు చుట్టూ గాలితో దుమ్ము ఊది, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయాలి. మర్నాడు ఇంజిన్‌ను బాగా వేడెక్కించి, ఆపి, ఆ వేడిలోనే విప్పాలి. కొద్దిగా వదులు చేయడం, మళ్లీ కొద్దిగా బిగించడం, నూనె పోయడం, ఇలా ముందుకూ వెనక్కూ ఓపికగా ఆడించాలి. పొడవు పైపు తొడిగి బలంకొద్దీ లాగేవారి చేతుల్లోనే ఎక్కువ ప్లగ్గులు విరుగుతాయి. 12 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గుకు 45 న్యూటన్ మీటర్లు దాటి బలం పెట్టకూడదు. 10 మిల్లీమీటర్ల దానికి 35 దాటకూడదు. కొన ఉబ్బిపోయిందన్న అనుమానం ఉన్నా, ఆ బలానికి కదలకపోయినా అక్కడితో ఆగి, ప్రత్యేక పనిముట్లు ఉన్నవారి దగ్గరికి తీసుకెళ్లాలి. కొన లోపల పడితే దాన్ని బయటికి తీయకుండా ఇంజిన్ తిప్పనే కూడదు.

బొబ్బిలి లేత్:
బోల్టుల మీద ఒక లేత్ పనివాడి మాట. బజారులో దొరికే మామూలు బోల్టు తల కింద చదునుగా ఉంటుంది, ఈ ప్లగ్గు లోపల ఏటవాలు సీటు మీద కూర్చుంటుంది. ఆ బోల్టు కింద రాగి వాషర్ వేసి బిగించినా లోపలి సీటు దగ్గర ఏ మూతా పడదు. పై వాషర్ ఒక్కటే మంట గాలిని ఆపాలి, అది ఎక్కువ కాలం ఆపలేదు. ఎవరికైనా తాత్కాలికంగా మూయక తప్పకపోతే అదే కోణంతో తిప్పించిన మూత పెట్టించుకోవాలి. అలాగే మరలకు టెఫ్లాన్ టేపు చుట్టే అలవాటు దయచేసి మానండి. ప్లగ్గుకు ఎర్త్ దాని ఒంటి ద్వారానే అందుతుంది, టేపు దాన్ని అడ్డుకుంటుంది, పైగా ఆ వేడికి నిలవదు. మరలు నిజంగా చెడిపోయి ఉంటే లోపల ఉక్కు చుట్ట వేసి కొత్త మర చేయవచ్చు. కానీ లోహపు పొడి లోపల పడకుండా ఆ పని చేయాలంటే హెడ్డు దించడమే మేలు.

పలాస జీడి రవాణా:
సబ్బు నీళ్ల పరీక్ష చేయించాం. బుడగలు షడ్భుజి అడుగున వచ్చాయి. టెర్మినల్, నాజిల్ దగ్గర ఏమీ లేవు. హెడ్డు దించకుండానే సీటు శుభ్రం చేయవచ్చా?

టెక్కలి షెడ్డు:
ప్లగ్గు సులువుగా వచ్చేస్తే మీరు సీటే శుభ్రం చేయించండి, దానికి నా అభ్యంతరం లేదు. పట్టేసి ఉంటే మాత్రం బలవంతం చేయవద్దన్న మాట మీదే ఉన్నాను. అలాంటి బండిని లీకుతో కొన్నాళ్లు నడపడం కూడా విరగ్గొట్టడం కంటే మేలు.

ఆమదాలవలస డీజిల్ పంపు:
లీకుతో నడిపితే వేడి గాలి సీటునూ మరలనూ ఇంకా కొరుకుతుంది, టెర్మినల్ తీగ కూడా మాడుతుంది. కాబట్టి కొన్నాళ్లంటే కిరాయి పూర్తిచేసి షెడ్డుకు చేరేంత కాలమే.

పలాస వారికి జవాబు: చేయవచ్చు. ప్లగ్గు బయటికి వచ్చాక దాని సీటును చూడండి. మెరిసే వలయం చుట్టూ తెగకుండా ఉంటే హెడ్డు సీటు బాగున్నట్టే. ఒకచోట నల్లటి చార కనిపిస్తే గాలి పోయిన దారి అదే. ఆ ప్లగ్గు కొలతకు సరిపడే చేతి రీమరుకు (రంధ్రంలో తిప్పి కార్బన్ గీకే పనిముట్టుకు) గ్రీజు పట్టించి, పాత ప్లగ్గు పొడవును దాని మీద గుర్తు పెట్టుకొని, ఆ గుర్తు దాటకుండా నెమ్మదిగా తిప్పాలి. కార్బన్ గ్రీజుకు అంటుకొని వస్తుంది. తరచుగా బయటికి తీసి తుడవాలి. తర్వాత డీజిల్ లీవరు లాగి ఉంచి ప్లగ్గు లేకుండానే సెల్ఫ్ కొడితే మిగిలిన పొడి బయటికి ఎగిరిపోతుంది. ఆ రంధ్రానికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

పాత ప్లగ్గును మళ్లీ పెట్టకండి, కొత్తది విశాఖ నుంచి తెప్పించాల్సి వచ్చినా ఆగండి. బిగించే ముందు దాని టెర్మినల్‌కూ ఒంటికీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూస్తే రెండు ఓమ్‌ల లోపు చూపాలి. మొదట చేత్తోనే చివరిదాకా ఎక్కాలి. అలా ఎక్కకపోతే మరలలో ఇంకా కార్బన్ ఉన్నట్టు. 12 మిల్లీమీటర్ల మరకు టార్క్ రెంచితో 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, అంటే మన షెడ్డు భాషలో రెండు, రెండున్నర కిలోలు, చాలు. టెర్మినల్ నట్టుకు అందులో పదో వంతు మించి బిగిస్తే కొత్త ప్లగ్గు సీలు మీ చేతులతోనే చెడుతుంది. తీగ కలపకముందే సబ్బు నీళ్ల పరీక్ష మరోసారి చేయించి, బుడగ కనిపిస్తే ఎక్కడ కనిపించిందో ఇక్కడే రాయండి.