పికప్ మీద క్యాంపర్ డబ్బా: ఘాట్‌లో బండి ఊగిపోతోంది, ఏం చేయాలి?

బీచ్‌రోడ్_బండి
అందరికీ నమస్కారం. మాది విశాఖ ఎంవీపీ కాలనీ. పికప్ తొట్టిలో ఎక్కించి దింపుకునేలా క్యాంపర్ డబ్బా ఒకటి చేయించాను. ఇనప ఫ్రేము, పైన అల్యూమినియం రేకు, లోపల మంచం, గ్యాస్ పొయ్యి, వెనక తలుపు పక్కన 150 లీటర్ల నీళ్ల ట్యాంకు. సిటీలో ఇబ్బంది లేదు. మొన్న అరకు బయల్దేరాం. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే ప్రతి మలుపులోనూ బండి ఒరిగిపోవడం, స్టీరింగ్ తిప్పేశాక కాసేపటికి డబ్బా రెండో పక్కకి వాలడం. డముకు దగ్గర మా ఆవిడ దిగిపోయి "నేను బస్సులో వస్తాను" అంది. హైవే మీద కంటైనర్ దాటి వెళ్లినా ఊగుడే. ఆటోనగర్‌లో కమాన్‌కి (వెనక ఇరుసు దగ్గరుండే పట్టీల స్ప్రింగుకి) ఇంకో రెండు పట్టీలు ఎక్కించమంటున్నారు. ఎక్కించేయమంటారా?

గాజువాక_కమాన్
నేను చేసేది కమాన్ల పనే తమ్ముడూ, అయినా వద్దనే అంటాను. ముందు వేబ్రిడ్జికి వెళ్లు. నీళ్లు నింపి, సామాను సర్ది, చెల్లెమ్మని కూడా ఎక్కించుకుని తూయించు. మొత్తం ఒకసారి, ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి, వెనకవి మాత్రం ఒకసారి. ఆ మూడు చీటీలూ ఇక్కడ పెట్టు. ఆర్సీలో గ్రాస్ వెయిట్, అంటే బండీ సామానూ మనుషులూ కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు, ఎంతుందో అదీ చెప్పు. టైరు పక్కన సైజు తర్వాత ఆ టైరు ఎంత మోస్తుందో చెప్పే నంబరు ఒకటి ఉంటుంది, అది కూడా.

సింహగిరి_మలుపు
పట్టీల కంటే ఎయిర్ బ్యాగులు (వెనక స్ప్రింగులకి సాయంగా పెట్టే గాలి తిత్తులు) నయం అని విని నేను వేయించాను. వేసిన కుర్రాడు రెండు బ్యాగులకీ కలిపి ఒకే పైపు, ఒకే వాల్వు పెట్టాడు. సింహాచలం కొండ ఎక్కితే మునుపటికంటే ఎక్కువ ఒరిగింది! ఆలోచిస్తే విషయం చిన్నదే. మలుపులో బయటి పక్క బ్యాగు నలుగుతుంది, అందులో గాలి పైపులోంచి లోపలి పక్క బ్యాగులోకి పోతుంది. బరువు పడిన వైపు మెత్తబడి, పడని వైపు లేచి కూర్చుంటుంది. దేనికి దానికి వేరే పైపు వేయించాక మనిషినయ్యాను. కుంగిన వెనక భాగాన్ని లేపడానికి బ్యాగులు బాగా పనికొస్తాయి. అంతమాత్రాన బండి మోయగల బరువు కిలో కూడా పెరగదు.

బీచ్‌రోడ్_బండి
తూయించాను. ఖాళీ బండి చీటీ పాతది దొరికింది, అదీ పెడుతున్నా.
ఖాళీగా: ముందు 1,020, వెనక 770, మొత్తం 1,790 కిలోలు.
డబ్బాతో: ముందు 970, వెనక 2,010, మొత్తం 2,980.
ఆర్సీలో గ్రాస్ 2,850. టైరు మీద నంబరు 105. లుక్ బావుందని కొన్నప్పుడే మార్పించిన టైర్లు ఇవి.

గాజువాక_కమాన్
చూశావా! దాదాపు 1,200 కిలోలు ఎక్కిస్తే ముందు చక్రాల మీద బరువు పెరగలేదు సరికదా, 50 తగ్గింది. అంటే డబ్బా బరువు వెనక ఇరుసుకి ఇంకా వెనక్కి పడి, ఉయ్యాల బల్లలాగా ముందు భాగాన్ని లేపుతోంది. స్టీరింగ్ తేలిపోయినట్టుండేది అందుకే. దీనికి ఎన్ని పట్టీలు ఎక్కించినా లాభం లేదు.

టైరు సంగతి ఇంకా భయం. 105 అంటే ఒక్కో టైరు 925 కిలోల వరకే. రెండూ కలిపి 1,850. నువ్వు మోయిస్తున్నది 2,010. టైరు పక్క గోడ మెత్తగా మడతపడుతుంటే పైన ఏ స్ప్రింగు ఏం చేస్తుంది? 112 ఉన్నవి వేయించు, ఒక్కోటి 1,120 మోస్తుంది. గాలి ఖాళీ బండికి కొట్టినంత కాదు, ఆ బరువుకి టైరు కంపెనీ చెప్పినంత కొట్టించు, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు.

ఎన్‌ఏడీ_కొత్తరోడ్డు
ఒక చిన్న పరీక్ష చేయండి. డబ్బా అంచు వెంట తొట్టి రేకు మీద చాక్‌పీస్‌తో గీత గీసి, కైలాసగిరి ఒకసారి ఎక్కి దిగి రండి. నాకు గీతకీ డబ్బాకీ మధ్య బొటనవేలు పట్టేంత సందు వచ్చింది. నేను తిట్టుకున్న ఊగుడులో సగం కమాన్‌ది కాదు, తొట్టిలో జారుతున్న డబ్బాది. కింద దళసరి రబ్బరు మ్యాట్ వేసి, నాలుగు మూలలా టర్న్‌బకిల్స్‌తో (తిప్పి బిగించే కొక్కేలతో) చాసిస్‌కి బిగించాను. తొట్టి రేకుకి కట్టకండి, చిరుగుతుంది.

సింహగిరి_మలుపు
హెల్పర్ పట్టీ కూడా చూడండి. పైన విడిగా ఉండే ఆ పట్టీ, బండి కొంత కుంగాకే పని మొదలెడుతుంది. ఆ సందులోనే డబ్బా అటూఇటూ ఆడుతుంది. సందులో రబ్బరు ప్యాకింగ్ పెడితే ముందే తగులుతుంది. షాక్ అబ్జార్బర్లు నూనె కక్కుతుంటే మార్చేయండి. ఒరుగుడికి యాంటీ రోల్ బార్ (రెండు పక్కల చక్రాలనీ కలిపే కడ్డీ), ఒకసారి ఊగాక ఆగకపోతే షాకులు. ఈ రెండూ ఒకటే అనుకునే మెకానిక్కులే ఎక్కువ.

రూల్స్_మావయ్య
అంతా చేసుకోండి బాబూ, గ్రాస్ దాటితే మాత్రం ఏ స్ప్రింగూ కాపాడదు. బండికి శాశ్వతంగా మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకటుంది. ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పి చేయించుకోండి.

బీచ్‌రోడ్_బండి
మూడు వారాల తర్వాత వస్తున్నా. ట్యాంకుని ముందుకి జరిపి క్యాబిన్‌కి ఆనుకుని ఉండేలా మార్పించాను, ప్రయాణంలో 40 లీటర్లే పోస్తున్నా. అరకులో నీళ్లు దొరకవా ఏంటి! పైన క్యారియర్ పీకేశాం, అదే 35 కిలోలు. టైర్లు 112వి వేయించాను. కమాన్ చివర్ల ఉండే బుష్‌లు విప్పితే ఒకటి బిస్కెట్‌లా చేతిలో విరిగింది. చాక్‌పీస్ పరీక్షలో నా డబ్బా కూడా జరిగింది, బిగించాం.

కొత్త చీటీ: ముందు 1,030, వెనక 1,805, మొత్తం 2,835. పట్టీలు ఎక్కించలేదు, బ్యాగులూ వేయలేదు. నిన్న అనంతగిరి మీదుగా వెళ్లొచ్చాం. ఒరుగుతుంది గానీ తిప్పినప్పుడే ఒరుగుతోంది, ఆగి కాదు. దిగేటప్పుడు రెండో గేర్లోనే వచ్చాను. మా ఆవిడ డముకు దాటాక నిద్రపోయింది.

యాంటీ రోల్ బార్ ఇంకా వేయించలేదు. ఆటోనగర్‌లో బాగా చేసేవాళ్లెవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి.

గాజువాక_కమాన్
కమాన్‌ని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించావా? బుష్‌లు మార్చాక కొంత తిరిగితే వదులవుతాయి. ఆదివారం షెడ్డుకి రా, చూద్దాం.