"ఐ యామ్ నాట్ ఇన్ లవ్" అసలు ప్రేమపాటేనా?

సుధాకర్:
1975లో టెన్ సీసీ అనే ఇంగ్లండ్ రాక్ బృందం చేసిన పాట ఇది. "ప్రేమిస్తున్నానని తరచూ ఎందుకు చెప్పవు?" అని ఆ బృందంలోని గాయకుడు ఎరిక్ స్టీవర్ట్‌ను భార్య అడిగిందట. అస్తమానం చెబితే ఆ మాటకు విలువ పోతుందని ఆయన భయం. అందుకే "నాకు ప్రేమేం లేదు" అంటూనే దొరికిపోయే మగవాడి పాట రాశాడు. ఇంత నిజమైన ప్రేమపాట నేను వినలేదు.

వసంత:
అడిగినదానికి జవాబు చెప్పకుండా పాట కట్టుకున్నాడండీ. పైగా నీ ఫొటో గోడ మీది మరక కనపడకుండా పెట్టానంటాడు. అది వినే ఆవిడ సంగతేంటి?

సుధాకర్:
ఆ మరక సాకు అని చిన్నపిల్లలకూ తెలుస్తుంది. వెనకాల గొంతులు వినండి. ఇంగ్లండ్‌లో స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెర్రీ స్టూడియోలో ఒక్కో స్వరాన్ని బృందంలోని మిగతా ముగ్గురు కలిసి 16 సార్లు పాడారు. ప్రేమ లేనివాడు అంత కష్టపడతాడా?

రవి:
మొత్తం 256 గొంతులు.

సుధాకర్:
కాదు. స్వరానికి 48, స్వరాలు 13. మొత్తం 624. లెక్క వేసుకోండి.

రవి:
చాలాచోట్ల 256 అనే ఉంది.

కిరణ్మయి:
మధ్యలో గుసగుసగా వినపడేది ఆ స్టూడియోలో పనిచేసిన క్యాథీ రెడ్‌ఫర్న్ గొంతు. నాకు ఆ చోటే ప్రాణం.

వసంత:
గొంతులెన్నయితే ఏంటండీ? పాటను గొంతులతో నింపాలన్న ఆలోచన బృందంలోని కెవిన్ గాడ్లీది. మొదట బాసా నోవా అనే బ్రెజిల్ సంగీత పద్ధతిలో చేస్తే బాగాలేదన్నదీ ఆయనే. ఆ కష్టాన్ని భార్య మీద ప్రేమ ఖాతాలో రాయకండి.

సుధాకర్:
మా నాన్న అమ్మతో ఆ మాట ఒక్కసారీ అనలేదు. ఆవిడ ఆస్పత్రిలో ఉన్న పదకొండు రాత్రులూ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నారు. అడిగి చెప్పించుకునేదీ ప్రేమేనా?

వసంత:
నేను అడిగానండీ. పంతొమ్మిదేళ్లు అడిగాను. మా ఆయన పోయాక పర్సులో బస్ పాస్ వెనక నా ఫొటో దొరికింది, మడతపెట్టిన చోట రంగు పోయి. "చూశావా, ఎంత ప్రేమో!" అన్నారందరూ. చూసి ఏం చేసుకోను? ఆయనకు తెలుసు, పర్సుకు తెలుసు. నాకు తెలియలేదు. మీరంతా ఆయన దాచుకున్నది చూసి మురిసిపోతున్నారు. నేను ఎదురుచూసిన దాని గురించి మాట్లాడుతున్నాను. మీ అమ్మగారిని ఎప్పుడైనా అడిగారా?

సుధాకర్:
లేదండీ. ఇప్పుడు వంటింట్లో ఉన్నారు. అడుగుతాను. కానీ ఆ కుర్చీని మాత్రం వదులుకోలేను.