ఉదయం తిన్న జొన్నరొట్టెకే షుగర్ పెరుగుతోంది, ఏం తినాలి?

మాది గుంటూరు. టైప్ 2 మధుమేహానికి డాక్టరు రాసిన మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు రెండు పూటలా వేసుకుంటున్నాను. పరగడుపున 115 దాటని షుగర్, ఎనిమిదింటికి రెండు జొన్నరొట్టెలు దోసకాయ పప్పుతో తిన్న రెండు గంటలకు 215కు చేరుతోంది. అవే రొట్టెలు, అదే పప్పు రాత్రి ఏడున్నరకు తింటే మాత్రం 160 దగ్గరే ఆగుతోంది. జొన్నలోనూ పిండిపదార్థం బియ్యం కంటే మరీ తక్కువేమీ కాదు గనుక, పిండిని తూకం వేసి 60 గ్రాములకు కుదించాను, ముందుగా కీరా ముక్కలు తిని చూశాను. అయినా ఉదయపు అంకె దిగలేదు. (ఇడ్లీ సంగతి చెప్పనే అక్కర్లేదు.) తెల్లవారుజామున పెరిగే హార్మోన్ల వల్ల ఆ వేళ ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుందని చదివాను. మందు విషయం డాక్టరునే అడుగుతాను. ఇదే ఇబ్బంది ఉండి, మీటరుతో పరీక్షించి చూసుకున్నవారు, ఏ అల్పాహారం ఎంత తింటే రెండు గంటల తర్వాత 180 లోపు ఉంటోందో దయచేసి చెప్పగలరా?