కార్వటికమా, ఖార్వటికమా?

అరసున్న: కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఊళ్ళు నెలకొల్పే అధ్యాయం జనపదనివేశం. అందులో "అష్టశతగ్రామ్యా మధ్యే స్థానీయం, చతుఃశతగ్రామ్యా ద్రోణముఖం, ద్విశతగ్రామ్యాః..." (800 ఊళ్ళ మధ్య స్థానీయం, 400 ఊళ్ళకు ద్రోణముఖం, 200 ఊళ్ళకు...) దగ్గర ఆగిపోయాను. తర్వాతది కార్వటికమా, ఖార్వటికమా? అది 200 ఊళ్ళ నడిమి బస్తీయా, ఊళ్ళన్నీ కలిసిన ప్రాంతమా?

వట్రుసుడి: కాంగ్లే పరిష్కరించిన ప్రతిలో క, శామశాస్త్రి ఇంగ్లీషు అనువాదంలో ఖ. నా ఓటు వత్తుకే. ఖర్వం అంటే పొట్టి కదా, స్థానీయం పక్కన కురచ ఊరు.

బండిరా: పొట్టితో పనిలేకుండా కర్వటమూ నిఘంటువుల్లో ఉందండీ. ప్రాంతం మాటకొస్తే, "మధ్యే" అన్నాక అది బిందువే. ఊళ్ళ గుంపు షష్ఠీ విభక్తిలో విడిగా ఉంది.

కొమ్ముదీర్ఘం: అయితే 1933లో భూగోళ శాస్త్రవేత్త క్రిస్టాలర్ దక్షిణ జర్మనీకి కట్టిన కేంద్రస్థలాల (చుట్టుపక్కల ఊళ్ళకు సరుకులందించే బస్తీల) అంతస్తులే ఇవి!

బండిరా: అంత తొందరెందుకు? ఆయన లెక్కలో ఒక్కో కేంద్రం కిందికొచ్చే ఊళ్ళు మెట్టు మెట్టుకీ సంత సూత్రంలో 3 రెట్లు, రవాణాలో 4, పాలనలో 7. ఇక్కడ 200, 400, 800 అని రెట్టింపు. ఆయన వాడే షడ్భుజాల అల్లికలో 2 రానే రాదు, చదరపు గళ్ళలో వస్తుంది. కింద సంగ్రహణమనే కేంద్రం 10 ఊళ్ళకే, అక్కడినుంచి 200కి ఒక్క దూకులో 20 రెట్లు. సరుకు కోసం జనం ఎంత దూరం నడుస్తారన్న లెక్క కాదిది. అదే గ్రంథంలో న్యాయవిచారణ భాగం ధర్మస్థీయం మొదట్లో ముగ్గురేసి ధర్మస్థులు (న్యాయాధికారులు) కూర్చునే చోట్లు చూడండి: సంగ్రహణం, ద్రోణముఖం, స్థానీయం ఉన్నాయి. మన కార్వటికం లేదు.

వట్రుసుడి: ఖార్వటికం.

కొమ్ముదీర్ఘం: ఊరు బిందువైతే దానికి గోడెందుకు? మనుచరిత్రలో పెద్దన పురం "వప్రస్థలీ చుంబితాంబరమై" (వప్రం ఆకాశాన్ని ముద్దాడేలా) నిలబడిందే!

వట్రుసుడి: వప్రం గోడ కాదు. కందకం మన్నుతో వేసే కట్ట. అర్థశాస్త్రం లెక్కలో 6 దండాల ఎత్తు, 12 వెడల్పు. ఏనుగులతో, ఎడ్లతో తొక్కించి ముళ్ళపొదలు పెంచాలి. ప్రాకారం, అంటే గోడ, దానిమీద లేస్తుంది. ఇటుకో రాయో కావాలి, కొయ్య మాత్రం కూడదు. అందులో నిప్పు పొంచి ఉంటుందట.

అరసున్న: కోటలకు వాడేది గార్హపత్య దండమనే కొలత, 108 అంగుళాలు (వేలి వెడల్పులు), మూరకు 24. అంటే కట్ట ఎత్తు 27 మూరలు.

కొమ్ముదీర్ఘం: 27 మూరలకే అంబరం అందిందా! పెద్దనది ప్రాకారమే.

బండిరా: అమరకోశం "స్యాచ్చయో వప్రమస్త్రియాం, ప్రాకారో వరణః సాలః" అంటుంది, అంటే చయం, వప్రం ఒకటి; ప్రాకారం, వరణం, సాలం ఒకటి. పెద్దన పద్యం మొదలే "వరణాద్వీపవతీ", వరణా నది. కట్టను పైకి చెప్పి గోడను నదిపేరులో దాచాడు.

వట్రుసుడి: నదికి ణా దీర్ఘం, గోడకు హ్రస్వం. శ్లేష కుదరదు.

బండిరా: శ్లేష అన్నానా? ధ్వని అనుకోండి.

అరసున్న: క, ఖ సంగతి ఎవరైనా తేల్చండి బాబూ.

వట్రుసుడి: ముందు ణా తేలనీయండి.