పార్టీ లిమిట్ దాటితే సరుకు వదలాలా ఆపాలా: ఆ మాట ఎవరు చెప్పాలి?

రాణిగంజ్ వాల్వులు
మాది రాణిగంజ్‌లో పైపులు, వాల్వుల డిస్ట్రిబ్యూషన్. ఏ పార్టీకి, అంటే మా దగ్గర కొనేవాడికి, ఎంత దాకా ఉద్దెర ఇవ్వాలన్న లిమిట్ ఇన్నాళ్లూ నాన్న నోటి మాట మీదే నడిచింది. ఇప్పుడు బాలానగర్‌లో, పటాన్‌చెరులో కూడా కౌంటర్లు తెరిచాం కాబట్టి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో అప్రూవల్ రూల్స్ పెట్టక తప్పదు. లిమిట్ లోపలుంటే బిల్లు అయిపోతుంది, దాంతో గొడవ లేదు. దాటితే ఎవరు సరే అనాలన్న దగ్గరే ఇంట్లో పేచీ. పార్టీని ఎరిగినవాడు సేల్స్ మేనేజరే కదా, లక్ష దాకా ఆయనకే వదిలేద్దామని తమ్ముడంటాడు. అమ్మేవాడి చేతిలో అది పెట్టకూడదని నేనంటాను. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

చెర్లపల్లి మోటార్లు
నేను మీ తమ్ముడి వైపే. ఎండాకాలం రాత్రి తొమ్మిదింటికి కాంట్రాక్టర్ ఫోన్ చేస్తాడు. అపార్ట్‌మెంట్‌లో బోరు మోటారు కాలిపోయింది, తెల్లారేసరికి కొత్తది దింపాలంటాడు. లిమిట్ ఇరవై వేలు దాటుతుంది. అకౌంట్స్ వాళ్లు వచ్చేదాకా ఆగమంటే పక్క షాపుకు పోతాడు, మళ్లీ మన గుమ్మం తొక్కడు. అతని మాట ఎలాంటిదో మా సేల్స్ మేనేజర్‌కు తెలుసు. లిమిట్ అన్నది ఎప్పుడో వేసిన అంకె, దాన్ని పట్టుకుని కూర్చుంటే వ్యాపారం సాగదు.

ఖాతాల మనిషి
అన్నా, రాత్రి మోటారు ఇవ్వడంలో తప్పు లేదు. కానీ మీరిద్దరూ లిమిట్ దాటిన ఆర్డర్ గురించే మాట్లాడుతున్నారు. డబ్బు మునిగేది ఎక్కువగా దాటనట్టు కనిపించే ఆర్డర్ల దగ్గరే. నేను ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర వసూళ్లు చూస్తాను, రోజూ కళ్లబడే లెక్క చెబుతా.

పార్టీ లిమిట్ 5 లక్షలు. ఖాతాలో బాకీ 4.1 లక్షలు. 80 వేల ఆర్డర్ వచ్చింది. మొత్తం 4.9, కంప్యూటర్ సరే అంటుంది. కానీ నిన్ననే లక్ష రూపాయల చెక్కు తీసుకుని రసీదు కొట్టేశారు, అది ఇంకా పాస్ కాలేదు. అంటే అసలు బాకీ 5.1. గోడౌన్‌లో ప్యాక్ చేసి బిల్లు కొట్టని సరుకు 60 వేలది ఉంది. కొత్త ఆర్డర్‌తో కలిపితే 6.5 లక్షలు. పైగా పాత బాకీలో లక్షన్నర గడువు దాటి మూడు నెలలైంది. దీన్ని ఎవరూ అప్రూవ్ చేయలేదు, ఎవరినీ అడగనే లేదు. కాబట్టి మొదటి రూల్ అధికారం గురించి కాదు, లెక్క గురించి. పాస్ కాని చెక్కును బాకీలోంచి తీయొద్దు, బిల్లు కాని ఆర్డర్‌ను బాకీలో కలపాలి, గడువు దాటిన బిల్లు ఒక్కటున్నా లిమిట్‌తో పని లేకుండా ఆపాలి.

ఇక ఎవరు అప్రూవ్ చేయాలన్నది. లక్ష దాకా సేల్స్‌కు ఇస్తే లక్షా ఎనభై వేల ఆర్డర్ రెండు తొంభైలుగా రెండు రోజుల్లో వస్తుంది. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, నెలాఖరు టార్గెట్ అలా చేయిస్తుంది. అందుకే ఆ లక్షను ఒక్కో బిల్లుకు కాదు, ఒక్కో పార్టీకి మొత్తంగా లెక్కేయాలి. లాభం ఐదు శాతమైతే మునిగిన లక్షను రాబట్టుకోవడానికి ఇంకో ఇరవై లక్షల సరుకు అమ్మాలి. దానికి తోడు జీఎస్టీ. 18 శాతం సరుకు లక్షకు అమ్మితే, పార్టీ పైసా ఇవ్వకపోయినా నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు మర్నెల 20వ తేదీకి ఆ పద్దెనిమిది వేలు కట్టాల్సిందే.

చెర్లపల్లి మోటార్లు
లెక్క ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ ఆపే అధికారం ఉన్నవాడికి అమ్మకం పోతే ఏం పోతుంది? జీతం వస్తూనే ఉంటుంది. ‘హోల్డ్’ కొట్టి ఇంటికి పోవడం తేలిక. పార్టీకి సమాధానం చెప్పేది కౌంటర్‌లో ఉన్నవాడు.

ఖాతాల మనిషి
అది న్యాయమైన మాట. ఆపినవాడు కూడా కారణం రాయాలి, గంటలోపు జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఫైలు పైవాడికి పోవాలి. జవాబు రాలేదని సరుకు మాత్రం దానంతటదే వదలకూడదు.

జీడిమెట్ల తయారీ
చట్టం సంగతి కూడా చూడండి. సూక్ష్మ, చిన్న తరహా సంస్థలకు 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు రావాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను రూల్ ప్రకారం, ఆ గడువు దాటాక కట్టిన డబ్బును కొన్నవాడు కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలడు. మా దగ్గర అరవై రోజుల గడువు అడిగే పార్టీని ఎండీ కూడా ఒంటరిగా అప్రూవ్ చేయలేరు. అయితే రాణిగంజ్ అన్నకు ఇది పనికిరాదు. సరుకు కొని అమ్మే ట్రేడర్లకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఎంఎస్ఎంఈగా నమోదు) 2021 నుంచి ప్రాధాన్య రంగ రుణాల వరకే పనికొస్తుంది.

పన్నుల పని
ట్రేడర్లకు పనికొచ్చేది ఇంకొకటుంది. పార్టీ జీఎస్టీ నంబర్ కొడితే రిటర్నులు వేళకు వేస్తున్నాడో లేదో పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. రెండు నెలలు వేయలేదంటే అక్కడ డబ్బుకు కటకటగా ఉందేమో అడగాలి. లిమిట్ పెంచే ముందు ఇది చూడాలని రూల్‌లోనే రాయండి. ఇంకో మాట, కొన్నవాడు 180 రోజుల్లో మీకు కట్టకపోతే తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మీ బిల్లులోని జీఎస్టీ చూపి తన పన్నులో తగ్గించుకున్నది, వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. వసూలుకు వెళ్లినప్పుడు ఇది గుర్తు చేస్తే పార్టీ కదులుతుంది.

రాణిగంజ్ వాల్వులు
అందరికీ థ్యాంక్స్. ఇలా పెడదామనుకుంటున్నా. సేల్స్ సిఫార్సు చేస్తుంది, అకౌంట్స్ ఒప్పుకుంటుంది. గడువు దాటిన బిల్లు లేని పార్టీకి లిమిట్ మీద పది శాతం దాకా సేల్స్ మేనేజర్ రాత్రిపూట వదలొచ్చు, ఆ డబ్బు వచ్చేదాకా రెండోసారి కుదరదు. నాన్న చెప్పినా సరే, ఫోన్ మాట చాలదు, కారణం సిస్టమ్‌లో ఎక్కాలి. ఆయన ఒప్పుకుంటారో లేదో, అదే నా టెన్షన్.

చెర్లపల్లి మోటార్లు
పెద్దాయన చేత టైపు చేయించకండి. ఆయన ఫోన్‌లో చెప్పింది అకౌంట్స్ వాళ్లు రాసి, ఆయన పేరున మెసేజ్ పంపి, ‘సరే’ అని జవాబు వచ్చాకే లోడ్ ఎక్కించాలి. గడువు విషయంలో మాత్రం నా మాట నాదే. సైట్ బిల్లు పాసయ్యాక కట్టే కాంట్రాక్టర్‌నూ, రోజూ గల్లాపెట్టె నిండే రిటైల్ షాపునూ ఒకే ముప్పై రోజులతో కొలవకండి.

రాణిగంజ్ వాల్వులు
కాంట్రాక్టర్లకు గడువు వేరుగా పెడతా. కానీ ముందే రాసుకున్న గడువే లెక్క, బిల్లు పాసవలేదని తర్వాత పొడిగించేది లేదు.