అప్‌డేట్: బాబుకి అసెస్‌మెంట్ మళ్ళీ చేయించాం

మూడో తరగతి చదివే మా బాబుని పది నిమిషాలు చూసి "బుద్ధిమాంద్యం" అని రాసేశారు, ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే వాడి నోటు పుస్తకాలన్నీ పట్టుకుని మా బొబ్బిలి వైపు భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) వెళ్ళాం.

అక్కడి టీచరమ్మ రెండు రోజులు ఓపిగ్గా చూశారు. చింతపిక్కలతో కూడికలు చకచకా చేశాడు. పుస్తకం తీస్తే 'మ', 'య' దగ్గరే ఆగిపోయాడు. మొదటిసారి చూసినవాళ్ళు లెక్కలు అడగనేలేదు!

చదవడంలోనే ఇబ్బందిలా ఉంది, నిర్ధారణ మాత్రం డాక్టర్లే చేయాలన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఇలాంటి చదువు ఇబ్బంది బుద్ధిమాంద్యం కాకుండా విడిగా ఉంది. వచ్చే వారం విజయనగరం వెళ్తున్నాం. నాకే టెన్షన్. వాడు చింతపిక్కలు జేబులో పోసుకుని తిరుగుతున్నాడు.